ట్యాక్స్ తగ్గిస్తే గవర్నమెంటు ఆదాయం పెరుగుతుందని అమెరికా కన్సర్వేటివ్‌లు అంటారు, నిజమేనా?

అన్నిసార్లూ పెరగదు, రేటు అప్పటికే మరీ ఎక్కువగా ఉంటేనే పెరిగే ఛాన్స్ ఉంది. వాళ్ల లాజిక్ ఏందంటే రేటు తగ్గితే జనం చేతిలో డబ్బులు మిగుల్తాయి, వ్యాపారం పెరుగుతాది, దొంగ లెక్కలు తగ్గుతాయి. ఇందులో నిజం ఉంది, కానీ ఆ పెరిగేది తగ్గించినదాన్ని పూడ్చేంత ఉండాలి గదా, అసలు తిరకాసు అక్కడే.

మన తిరుపతినే చూడండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 లోపు హోటల్ రూములకి జీఎస్టీ 12 నుంచి 5 శాతం అయింది. బస్టాండ్ దగ్గర 2,000 రూపాయల రూముకి బిల్లులో 240 పడేది ఇప్పుడు 100 పడతాది, ఇన్‌పుట్ క్రెడిట్ (హోటల్ వాళ్లు తాము కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకోవడం) సంగతి పక్కన పెడితే మళ్లీ ఆ 240 రావాలంటే ఒక రూము నిండేచోట దగ్గరదగ్గర రెండున్నర రూములు నిండాలి, శని ఆదివారాల్లో ముందే ఫుల్లయ్యే ఊళ్లో అదెట్లా కుదురుతాది? వచ్చే భక్తులకి మాత్రం చాలా మంచిది, అది వేరే విషయం.

కన్సర్వేటివ్‌లు మెచ్చుకునే అప్పటి అమెరికా ప్రెసిడెంట్ రీగన్ ట్యాక్సులు తగ్గించడమే చేశాడని చాలామంది అనుకుంటారు, అది తప్పు. 1981లో ఇన్‌కమ్ ట్యాక్స్ టాప్ రేటు (బాగా ఎక్కువ ఆదాయం మీద పడేది) 70 నుంచి 50 శాతానికి తెచ్చింది నిజమే, కానీ ఒకపక్క డిఫెన్స్ ఖర్చు పెంచుతూ లోటు కూడా పెరిగేసరికి 1982లోనే ట్యాక్సులు పెంచే చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఆయనే.