మామగారి కుర్చీ కిందే పడుకుంటోంది... తోడుగా ఇంకో కుక్కను తేవాలా?

ప్రశ్న: మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. నాది ఆఫీసు ఉద్యోగం, మావారికి రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో షిఫ్టులు. నాలుగు నెలల క్రితం మామయ్య పోయారు. ఇంట్లో ఏడేళ్ల లాబ్రడార్ మగకుక్క ఉంది, పేరు జిమ్మీ. దాన్ని రెండు పూటలా తిప్పింది మామయ్యే. ఇప్పుడది వరండాలో ఆయన ప్లాస్టిక్ కుర్చీ కింద నుంచి కదలదు. తిండి సగం వదిలేస్తోంది. సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి గేటు దగ్గర నిలబడి మొరుగుతుంది. తోడుగా ఓ రెండు నెలల కుక్కపిల్లను తెద్దామని మావారు పట్టుబడుతున్నారు. 68 ఏళ్ల అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. 'రోజంతా ఇంట్లో ఉండేది నేను, కడిగేదీ నేనే' అంటున్నారు. ఇద్దరికీ మధ్య నేను నలిగిపోతున్నాను.

జవాబు: అమ్మా, కుక్కపిల్ల సంగతి కాసేపు పక్కన పెట్టండి. తిండి వదిలేసిన కుక్కను దిగులని సరిపెట్టుకోకుండా ముందు డాక్టరుకు చూపించాలి. మన వైపు కుక్కలకు పిడుదుల జ్వరం మామూలు. చెవి లోపల, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద పిడుదులు ఉన్నాయేమో వెతకండి. తర్వాత పై పెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. చిగుళ్లు మొదటి నుంచీ పాలిపోయి ఉన్నా, ముక్కు నుంచి రక్తం వచ్చినా, ఒళ్లు 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా అదే రోజు తీసుకెళ్లండి. మన చేతికి కుక్క ఒళ్లు ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. దాని మామూలు వేడి 101 నుంచి 102.5 వరకు ఉంటుంది కాబట్టి థర్మామీటరు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఊళ్లోనే వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు చూడమనండి. ఏడేళ్ల లాబ్రడార్ కదా, తుంటి కీళ్లు, థైరాయిడ్ కూడా అడగండి. ఇంట్లో అత్తగారి నొప్పి మాత్రలు ఉంటాయి, వాటిలో ఒక్కటి కూడా జిమ్మీకి వేయొద్దు. మనుషుల నొప్పి మాత్రలు కుక్కల కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

ఒంట్లో జబ్బేమీ లేదని తేలితే అప్పుడు దిగులు గురించి ఆలోచిద్దాం. మీరు రాసిన మాటల్లో నాకు పెద్దగా కనిపించింది ఆ అయిదున్నర గంట. మీ అత్తగారు రోజంతా ఇంట్లోనే ఉంటారు, కాబట్టి జిమ్మీ ఒంటరి కాదు. దానికి పోయినవి రెండు, ఓ మనిషి, ఓ నడక. మనిషిని తెచ్చివ్వలేం. నడక మన చేతిలోనే ఉంది. నెల రోజులు పొద్దున అరగంట, సాయంత్రం ముప్పావుగంట, మామగారు తీసుకెళ్లిన దారిలోనే తిప్పండి. ఎండాకాలమైతే బయల్దేరే ముందు అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది, పొద్దుగుంకాక వెళ్లండి. మీవారికి రెండో షిఫ్టు ఉన్న వారం సాయంత్రం నడక ఎవరిదో ముందే మాట్లాడుకోండి. అదెవరికీ కుదరదంటే, రెండో కుక్కను ఎవరు తిప్పుతారు?

ఆ నెలలోనే ఇంకో సంగతి కూడా తేల్చుకోండి. జిమ్మీకి అసలు కుక్కల తోడు ఇష్టమేనా? టీకాలు వేయించిన, నెమ్మదైన కుక్క తెలిసినవాళ్లింట్లో ఉంటే మూడు నాలుగుసార్లు కలపండి. ముందుకాళ్లు నేలకు ఆన్చి వెనుక భాగం పైకెత్తి తోక ఊపితే ఆటకు పిలుస్తోందని. ఒళ్లు బిగబట్టి, మెడ మీది వెంట్రుకలు లేపి, చూపు తిప్పకుండా నిలబడితే ఒద్దంటోందని. పట్టించుకోకుండా మీ కాళ్ల దగ్గరికి వచ్చి కూర్చుంటే దానికి కావాల్సింది మనుషులు. మనిషి మీద బెంగ పెట్టుకున్న కుక్కకు ఇంకో కుక్క మందు కాదు. ఒక్కోసారి పెద్దదాన్ని చూసి కొత్తదీ గేటు దగ్గర అరవడం నేర్చుకుంటుంది.

మీవారికి ఇష్టమైన రెండు నెలల పిల్ల మాత్రం మీ ఇంటికి వద్దు. ఈ విషయంలో నేను మీ అత్తగారి పక్షమే. ఆ వయసు పిల్ల ఉచ్చను రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు, రాత్రి కూడా లేవాలి. రోజుకు నాలుగుసార్లు తిండి. మీరిద్దరూ పనికి వెళ్లాక ఇదంతా ఆమె మీదే పడుతుంది. అంతకంటే నాకు భయం కాళ్లకు అడ్డం పడటం. తడి గచ్చు మీద పిల్ల కాళ్లలో దూరితే, నొప్పుల మోకాళ్లున్న మనిషి ఒక్కసారి పడితే చాలు, తుంటి ఎముక విరగొచ్చు. పైగా కుక్కపిల్ల సూది పళ్లను ఏడేళ్ల కుక్క ఎంతసేపు ఓర్చుకుంటుంది?

నెల తర్వాత కూడా తేవాలనిపిస్తే, రెండు మూడేళ్ల ఆడకుక్కను చూడండి, పిల్లలు పుట్టని ఆపరేషన్ అయినదై ఉండాలి. నాటుకుక్కయినా భేషుగ్గా సరిపోతుంది. తెచ్చే ముందు 'రెండు వారాలు చూస్తాం, పొసగకపోతే తిరిగి ఇస్తాం' అని ఇచ్చేవాళ్లతో గట్టిగా చెప్పుకోండి. టీకాల కార్డు లేకపోతే మొదటి రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచాలి. కుక్కలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ బయటపడటానికి అన్ని రోజులు పట్టొచ్చు, నేలలో అయితే నెలల తరబడి బతుకుతుంది. జిమ్మీ టీకాలు ఈ ఏడాదివి పూర్తయ్యాయో లేదో ఇప్పుడే చూసుకోండి. మామగారు పోయిన హడావుడిలో తప్పిపోయి ఉండొచ్చు.

పరిచయం ఇంటి గుమ్మంలో చేయొద్దు. గొడవలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. ఊరి బయట ఖాళీ చోట ఇద్దరు మనుషులు చెరో కుక్కను పట్టుకుని, ఇరవై అడుగుల ఎడంతో ఒకే దిక్కుకు పది పదిహేను నిమిషాలు నడవాలి. తాడు వదులుగా ఉండాలి. బిగిస్తే మన బెరుకు దానికి అందుతుంది. ఎడం తగ్గించుకుంటూ వచ్చి, ఎదురెదురుగా కాకుండా పక్క నుంచి మూడు సెకన్లు వాసన చూడనిచ్చి పిలిచేయండి. మళ్లీ కాసేపటికి ఇంకోసారి. ఇంటికి వచ్చేముందే జిమ్మీ గిన్నె, పరుపు, బంతి తీసి దాచేయండి. అన్నం వేర్వేరు గదుల్లో, తలుపు వేసి. నాలుగు వారాల దాకా ఎవరూ చూడకుండా రెండింటినీ కలిపి వదలొద్దు. జిమ్మీ గుర్రుమంటే కొట్టకండి. అది 'దూరంగా ఉండు' అని చెప్పే మాట. ఆ మాటకు దెబ్బ పడితే మరోసారి గుర్రుమనకుండానే కరుస్తుంది.

ఇక మీవారితో మాట. నాకు అనిపించేది చెబుతాను, తప్పయితే వదిలేయండి. కుక్కకు తోడు కావాలంటున్న మనిషికి తండ్రి లేని ఇల్లు తట్టుకోవడమే కష్టంగా ఉందేమో. 'కుక్క వద్దు' అని మొదలుపెడితే ఆయన చెవిన పడేది మొదటి మాటే. 'మామయ్య దారిలో ఈ నెల మీరు తిప్పండి, సెలవు రోజు నేనూ వస్తాను' అనండి. నెలాఖరున అత్తగారిని కూడా కూర్చోబెట్టి, పొద్దున అయిదున్నరకు ఎవరు, కడగడం ఎవరు, ఆసుపత్రికి ఎవరు, పెళ్లికని చెన్నై వెళ్తే రెండు కుక్కలనూ ఎక్కడ వదలాలి, అన్నీ కాగితం మీద పేర్లతో రాయండి. అత్తగారి పేరు ఆమె ఒప్పుకున్న చోటే రాయాలి. ఆమె చివరికి కూడా వద్దంటే అక్కడితో ఆపేయండి, రోజుకు పది గంటలు ఆ జంతువుతో గడిపేది ఆమె కదా.

ఆ కుర్చీని ఇప్పుడే తీసేయకండి. నడక నుంచి తిరిగొచ్చాక అత్తగారు అందులో కూర్చోడానికి ఒప్పుకుంటే, జిమ్మీ రాత్రి అన్నంలోంచి గుప్పెడు తీసి ఆమె చేత్తో పెట్టించండి. దూకకుండా, కూర్చుంటేనే.