పంపులో ఏ ఆయిల్ పోయాలి అని అడిగేముందు ఆ గాజులోకి ఒకసారి చూడండి

బైకుల సర్వీసింగ్ కోసం మూడు పిస్టన్ల ప్రెషర్ పంపు కొన్నాను, ఏ ఆయిల్ పోయాలి, బండికి పోసే ఇంజిన్ ఆయిల్ పోస్తే పాడవుతుందా, ఎన్నాళ్లకు మార్చాలి అని కదా మీరడిగింది. మిర్యాలగూడలో తొమ్మిదేళ్లు వాటర్ సర్వీసింగ్ షెడ్డు నడిపాను, రెండు పంపులు అరగదీశాను, ఒకటి చేజేతులా చంపేశాను. ఆ చంపిన దాని గురించి చెప్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

2019 యాసంగి కోతలు. షెడ్డు ముందు ట్రాక్టర్లు, వరికోత మిషన్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కో మిషన్ చైన్లలో బురద గట్టిపడి రాయిలా ఉండేది, గన్ను పట్టుకుంటే రెండు గంటలు వదిలే పని లేదు. ఎండలకు బోరు తగ్గి తొట్టి మాటిమాటికీ ఖాళీ అయ్యేది, పంపు కాసేపు గాలి మీదే తిరిగేది. ప్లంజర్ల దగ్గర, అంటే ముందుకూ వెనక్కూ ఆడి నీళ్లను నెట్టే కడ్డీల దగ్గర, చల్లబరిచేది ఆ నీళ్లే, అవి లేకపోతే వాటి చుట్టూ లీకవకుండా ఆపే సీళ్లు కాలిపోతాయి. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. పంపు కింద చుక్కలు పడుతుంటే ఒక పెయింట్ డబ్బా పెట్టి, నిండినప్పుడల్లా పారబోసేవాణ్ని. అదీ నా తెలివి.

ఇంకో తెలివి చెప్తాను. పంపు పక్కన ఆయిల్ కనబడే గుండ్రటి గాజు ఉంటుంది కదా, మొన్న సగానికి ఉన్నది ఇవాళ ముప్పావుకు వచ్చింది. మంచి పంపు, చుక్క ఆయిల్ తాగదు అని మా బావమరిది దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను. పోయకుండా ఆయిల్ ఎలా పెరుగుతుందని ఒక్క క్షణం ఆలోచించలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, మిషన్ సగం కడిగాక, పంపులోంచి టకటకమని చప్పుడు మొదలైంది. బెల్టు వదులైందేమో అని మోటారు కాస్త వెనక్కి జరిపి బిగించి మళ్లీ ఆన్ చేశాను. పది నిమిషాల్లో బెల్టు పొగలు కక్కింది. పుల్లీ చేత్తో తిప్పినా తిరగలేదు. మిషన్ డ్రైవరు తమిళాయన, ఏమన్నాడో నాకు అర్థం కాలేదు గానీ మెచ్చుకోలేదని మాత్రం తెలిసింది.

పాత బస్టాండు దగ్గర మోటార్లు, పంపులు బాగుచేసే పెద్దాయన ఉండేవాడు, నేను కాకా అనేవాణ్ని. వచ్చి మాట్లాడకుండా కింద డ్రెయిన్ బోల్టు విప్పాడు. నల్లగా రావాల్సింది తెల్లగా, చిక్కగా, నురగతో జారింది. "ఏం తమ్మీ, పంపుల ఆయిల్ పోసినవా, మజ్జిగ పోసినవా?" అన్నాడు. వేళ్ల మధ్య రుద్ది చూపించాడు, సన్నటి మెరుపు రజను. అది బేరింగు. కనెక్టింగ్ రాడ్‌తో కలిపి ఏడు వేలు పైచిలుకు పోయాయి, నాలుగు రోజుల సీజను పోయింది. సీళ్ల సెట్టు వేసుంటే ఆరు వందలతో తేలిపోయేది.

ఆ రాత్రి నాకు నమ్మకం కుదరక, ఆ మజ్జిగ కొంచెం పోపు గరిటెలో వేసి స్టవ్ మీద పెట్టాను. తడి ఆవాలు నూనెలో వేసినట్టు చిటపటలాడి గోడ మీదికి చిందింది. నీళ్లే. మా ఆవిడ ఆ గరిటె మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

జరిగిందేమిటంటే, ప్లంజరుకు ముందువైపు నీళ్ల సీలు, వెనకవైపు ఆయిల్ సీలు, రెంటికీ మధ్య కాస్త జాగా ఉంటుంది. నీళ్ల సీలు పోతే ఆ జాగాలోంచి కింద చుక్కలు పడతాయి. అది పంపు మనకు చెప్పుకునే మొర. వినకపోతే తడిసిన ప్లంజరు ముందుకూ వెనక్కూ ఆడుతూ ఆ తడిని ఆయిల్‌లోకి మోసుకుపోతుంది. అందుకే సీళ్లు మార్చకుండా ఆయిల్ ఒక్కటే మార్చడం చిల్లు బిందెలో నీళ్లు పోసినట్టే. అలా నెలకు మూడుసార్లు ఆయిల్ మార్చే మహానుభావులు నాకు తెలుసు.

సరే, మీ ప్రశ్న. ముందు పంపుతో వచ్చిన పుస్తకం చూడండి. పుస్తకం పారేశారా, అందరం పారేస్తాం. కొన్ని పంపులకు డిటర్జెంట్ లేని ఎస్‌ఏఈ 30 అంటారు, కొన్నింటికి ఐఎస్‌ఓ 68 హైడ్రాలిక్ ఆయిల్, కొన్నింటికి మామూలు 20డబ్ల్యూ40 లేదా 15డబ్ల్యూ40 ఇంజిన్ ఆయిలే రాసి ఉంటుంది. ఈ అంకెలు ఆయిల్ చిక్కదనాన్ని చెప్పేవి. ఇంజిన్ ఆయిల్‌లో మసిని తేలుతూ ఉంచే మందులుంటాయి, డిటర్జెంట్ అనేది వాటినే, ఇంజిన్‌లో ఫిల్టర్ ఉంది కాబట్టి అక్కడ అది మంచిదే. పంపుకు ఫిల్టర్ ఉండదు. పైగా ఆ మందుల వల్ల నీళ్లు ఆయిల్‌తో కలిసిపోయి విడిపోవు. డిటర్జెంట్ లేనిదైతే చాలావరకు నీళ్లు అడుగుకు దిగుతాయి, కాసేపు ఆపి బోల్టు విప్పితే ముందు నీళ్లే వస్తాయి. అందుకే నా ఓటు దానికి. అలాగని పుస్తకం 20డబ్ల్యూ40 అంటే అదే పోయండి, ఏమీ కాదు. కంపెనీల పేర్ల మీద కొట్టుకునేవాళ్లను నేను పట్టించుకోను. గేరు ఆయిల్ 90 మాత్రం వద్దు, చిక్కన, అందులోని మందులు కొన్ని కంచు, ఇత్తడి భాగాలకు పడవు. వాడేసిన ఆయిల్ వడకట్టి పోస్తే తిట్టడానికి నా దగ్గర మాటల్లేవు.

కొత్త పంపుకు మొదటి 50 గంటలకే మార్చాలి, లోపల అరిగిన రజను అప్పుడే ఎక్కువ. ఆ తర్వాత 500 గంటలకోసారి. రోజుకు ఆరు గంటలు ఆడే షెడ్డులో అంటే దాదాపు మూడు నెలలు. తెల్లబడితే మాత్రం గంటల లెక్క వదిలేసి ఆ రోజే. ఇంట్లో కారు కడుక్కునే చిన్న మిషన్లలో చాలావాటికి అసలు డ్రెయిన్ బోల్టే ఉండదు, వెతికి స్క్రూలన్నీ విప్పకండి.

మార్చేముందు నీళ్లతో ఐదు నిమిషాలు ఆడించి, కాస్త వెచ్చబడ్డాక మోటారు స్విచ్చు తీసేసి, పైమూత తీసి, అప్పుడు కింద బోల్టు విప్పండి. వాషరు పాతదైతే కొత్తది వేయండి. గాజులో సగం దాకా పోస్తే చాలు. నిండుగా పోస్తే వేడెక్కి, నురగొచ్చి, మూతలోంచి కక్కుతుంది. అన్నట్టు, కొత్త పంపు మీద రంగు ప్లాస్టిక్ బిరడా ఉంటే అది రవాణాలో ఆయిల్ ఒలకకుండా పెట్టింది. దాన్ని తీసి గాలి రంధ్రం ఉన్న మూత పెట్టాలి. పెట్టాక, షెడ్డు కడిగే కుర్రాళ్లు ఆ మూత మీదికే గన్ను తిప్పుతారు, మీరెంత చెప్పినా తిప్పుతారు. నేను చివరికి పైన ఒక రేకు ముక్క వంచి పెట్టాను. పాత ఆయిల్ మురిక్కాలువలో పోయకండి, కర్రలకు చెద పట్టకుండా పూస్తామని అడిగి పట్టుకెళ్లేవాళ్లు ఉంటారు. మజ్జిగైపోయిన ఆయిల్‌ను మాత్రం ఎవరూ ముట్టరు.

మీరు రెండు సంగతులు రాయలేదు. పంపు కింద చుక్కలు పడుతున్నాయా, గాజులో ఆయిల్ ఏ రంగులో ఉంది? అవి చెప్పండి, పంపు మీద మోడల్ పేరు రాసున్న పట్టీ ఫోటో కూడా పెట్టండి.