బ్రిటన్‌లో మనకూ ఓటుంది: కౌన్సిల్ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయకండి

ప్రశ్న: అన్నా, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఈ మధ్యే లండన్ దగ్గరికి వచ్చాం. ఓటరుగా నమోదు చేసుకోమని కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) నుంచి ఉత్తరం వచ్చింది. మనది ఇండియా పాస్‌పోర్టు కదా, ఇక్కడ ఓటెలా ఇస్తారు? నమోదు చేసుకుంటే వీసాకి ఏమైనా ఇబ్బందా? మన దగ్గర ఓటు సంగతేంటి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఉత్తరం దాచిపెట్టు. ఇక్కడికి వచ్చిన కొత్తలో అలాంటివి నేను పిజ్జా కరపత్రాలతో కలిపి చెత్తబుట్టలో పడేశాను. మనం పరాయి దేశం వాళ్లం, మనకెందుకు ఓటు అనుకున్నా. పైగా కౌన్సిల్ టాక్స్ నెలనెలా కడుతున్నా కాబట్టి వాళ్ల పుస్తకాల్లో నా పేరు ఉండే ఉంటుందని ధీమా. టాక్స్ లెక్క వేరు, ఓటర్ల జాబితా వేరు అని నాకు చెప్పినవాడు లేడు.

దాంతో ఏమైందో విను. ఫోన్ కాంట్రాక్టు కోసం ఒక షాపుకి వెళ్లాను. జీతం బాగానే ఉంది, బ్యాంకులో డబ్బుంది, అయినా క్రెడిట్ చెక్ (బాకీలు సరిగా కడతామా అని చూసే తనిఖీ) ఫెయిల్ అన్నారు. కారణం అడిగితే కంప్యూటర్ చెప్పిందన్నారు. సరే, ఫోనే కదా అని వదిలేశా. తర్వాత ఇల్లు మారాల్సి వచ్చింది. ఏజెంటు నా క్రెడిట్ రికార్డు చూసి, ఆరు నెలల అద్దె ముందే కడితేనే తాళాలన్నాడు. ఇంటికి పంపాల్సిన డబ్బు ఆపి, తెలిసినవాళ్ల దగ్గర చేబదులు తీసుకుని కట్టాను. ఆ చలికాలం ప్రతి పౌండూ రూపాయల్లోకి మార్చుకుని లెక్కపెట్టుకుంటూ గడిపాం. చివరికి ఆఫీసులో ఒక గుజరాతీ పెద్దాయన ఒకే మాట అడిగాడు: "ఎలక్టోరల్ రోల్‌లో ఉన్నావా?" అంటే ఓటర్ల జాబితాలో.

ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే క్రెడిట్ సంస్థలు ఫలానా మనిషి ఫలానా అడ్రసులోనే ఉంటున్నాడని ఓటర్ల జాబితా చూసి నిర్ధారించుకుంటాయట. కొత్తగా వచ్చినవాడికి ఇక్కడ చరిత్రే ఉండదు, అందుకే ఆ ఒక్క లైను మనకి అంత ముఖ్యం. నమోదైన మర్నాడే మహారాజుని అయిపోలేదు గానీ, కొన్ని నెలలకి క్రెడిట్ కార్డు వచ్చింది, ఆ తర్వాతి ఇంటికి అందరిలాగే మామూలు డిపాజిట్‌తో సరిపోయింది. ఇప్పుడు మీకు అదంతా ఫోన్లో అయిదు నిమిషాల పని, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (ఇక్కడ ఉద్యోగం, పన్ను లెక్కలకి ఇచ్చేది) దగ్గర పెట్టుకుంటే చాలు. మేం కాగితం ఫారం నింపి పోస్టు చేశాం. ఫారంలో ఓపెన్ రిజిస్టర్ వద్దు అనే చోట టిక్ పెట్టడం మర్చిపోకు, ఆ జాబితాని ఎవరైనా కొనుక్కోవచ్చు.

రూల్ సంగతి రెండు ముక్కల్లో: భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, చెల్లే వీసాతో ఇక్కడ నివసిస్తున్న మన పౌరులకి పార్లమెంటు ఎన్నికతో సహా అన్నిట్లో ఓటుంది. ఫారంలో జాతీయత దగ్గర నిజాయితీగా ఇండియన్ అనే రాయి. వీసా మీద 'పబ్లిక్ ఫండ్స్ వాడరాదు' అని, అంటే ప్రభుత్వ సంక్షేమ సాయం తీసుకోకూడదని ఉంటుంది చూడు, ఓటు దాని కిందికి రాదు, టెన్షన్ పడకు. మిగతావి ఎలక్టోరల్ కమిషన్ సైట్లో ఉన్నాయి, చదువుకో.

నా మొదటి పోలింగ్ గురించి చెబితే మా పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు. పాస్‌పోర్టు, పే స్లిప్పులు, అద్దె అగ్రిమెంటు అన్నీ ఫైల్లో పెట్టుకుని వెళ్లా. గేటు దగ్గర రంగు రిబ్బన్ పువ్వు పెట్టుకున్న ఒకావిడ నా నంబరు అడిగితే, అధికారి అనుకుని ఫైలు మొత్తం తెరిచి చూపించా. ఆవిడ ఒక పార్టీ కార్యకర్త. ఎవరు ఓటేశారో లెక్క రాసుకునేవాళ్లని టెల్లర్లంటారు, వాళ్లకి జవాబు చెప్పాల్సిన పనే లేదు. లోపల గుమాస్తా ఏ కాగితమూ చూడకుండా పేరు, అడ్రసు అడిగి బ్యాలట్ చేతిలో పెట్టాడు. వేలికి ఇంకు లేదు, మెషిన్ లేదు, తాడు కట్టిన పెన్సిల్ ఒకటి. 2023 నుంచి మాత్రం ఇంగ్లండ్‌లో ఫొటో గుర్తింపు తప్పనిసరి చేశారు. మన భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, అసలుదే తీసుకెళ్లు. ఫోన్లో ఫొటో చూపిస్తే వెనక్కి పంపేస్తారు.

కౌన్సిల్ ఎన్నికల్లో ఇంకో పొరపాటు చేశా. మా వార్డులో మూడు సీట్లు, మూడు దాకా గుర్తులు పెట్టొచ్చు. నేనేమో ఒకటి పెట్టి మడిచి పెట్టెలో వేసి వచ్చా. కౌన్సిలర్లే కదా అని తేలిగ్గా తీసుకోకు. నీ కౌన్సిల్ టాక్స్ ఎంతో ఓటేసి తేల్చేది వాళ్లే.

ఇక ప్రభుత్వం ఎలా ఏర్పడుతుందంటే, మన లోక్‌సభ పద్ధతికి మూలం ఇదే. 650 నియోజకవర్గాలు, ఒక్కోచోట ఎక్కువ ఓట్లు వచ్చినవాడే ఎంపీ, సగం దాటాల్సిన పని లేదు. కామన్స్ సభలో మెజారిటీ ఎవరి వెనక ఉంటే వాళ్లు ప్రధాని. 2024లో లేబర్ పార్టీకి వచ్చింది 33.7 శాతం ఓట్లే, సీట్లు మాత్రం 411. రిఫార్మ్ పార్టీకి 14 శాతం పైగా వచ్చినా 5 సీట్లే, అంతకంటే తక్కువ ఓట్లు వచ్చిన లిబరల్ డెమోక్రాట్లకి 72. మనవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఆంధ్రలో 2019లో తెలుగుదేశానికి, 2024లో వైసీపీకి వచ్చింది ఇంచుమించు అదే 39 శాతం. ఒకరికి 23 సీట్లు, ఇంకొకరికి 11. 2011లో ఈ పద్ధతి మారుద్దామా అని ఇక్కడ రెఫరెండం పెడితే ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది వద్దన్నారు.

ఎవరికీ మెజారిటీ రాకపోతే బేరాలు మొదలవుతాయి. 2017లో ప్రధాని థెరిసా మే, నార్తర్న్ ఐర్లండ్ పార్టీ డీయూపీకున్న 10 మంది ఎంపీల మద్దతు తీసుకుంది. ఒప్పందంలో భాగంగా నార్తర్న్ ఐర్లండ్‌కి అదనంగా వంద కోట్ల పౌండ్లు వెళ్లాయి. ఒక్కో ఎంపీకి ఎంత పడిందో భాగించుకో, నేనైతే ఆ రోజే భాగించా. 2022లో ఇంకో విచిత్రం. సాధారణ ఎన్నికలే లేకుండా జాన్సన్, ట్రస్, సునాక్ అని ఏడాదిలో ముగ్గురు ప్రధానుల్ని చూశాం. ట్రస్‌ని పార్టీ సభ్యులు ఎన్నుకున్నారు. సునాక్ దగ్గరికి వచ్చేసరికి పోటీలో ఇంకెవరూ మిగలక అదీ జరగలేదు. నువ్వు ఓటేసేది ఎంపీకి, ఆ పైన జరిగేదంతా వాళ్ల పార్టీల లోపలి వ్యవహారం.

ఓటేసినా వేయకపోయినా ఒకటేనని మన కుర్రాళ్లు అంటుంటారు. డబ్బు భాషలో చెబుతా. వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జి 2024 ఫిబ్రవరిలో ఏడాదికి 624 పౌండ్ల నుంచి 1,035కి పెరిగింది. అదే ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ జీతం హద్దు 26,200 నుంచి 38,700కి పోయింది. ఇవి ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఎన్నికైనవాళ్లు తీసుకున్న నిర్ణయాలు. 2024లో లండన్‌లోని హెండన్ నియోజకవర్గంలో గెలుపు తేడా 15 ఓట్లు. మన ఒక్క అపార్ట్‌మెంట్ బ్లాకులోనే అంతకంటే ఎక్కువమంది తెలుగువాళ్లు ఉంటారు, అందులో నమోదైనవాళ్లు ఎందరో అడిగి చూడు, సిగ్గేస్తుంది.

ఇండియా ఓటు సంగతి: ఇక్కడ నమోదైనంత మాత్రాన అది పోదు, బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంటేనే పోతుంది. అలా పౌరసత్వం మారినవాళ్లకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డుతో ఓటు రాదు. ఫారం 6ఎ నింపితే ప్రవాస ఓటరుగా నీ పేరు ఉంటుంది, కానీ స్వయంగా వెళ్లి మన బూత్‌లోనే వేయాలి. ఎన్నికల సీజన్లో టికెట్ ధరలు చూశాక నేను ఆ ఆశ వదులుకున్నా. నువ్వు ఫారం మటుకు నింపి పెట్టు, సెలవులకి వెళ్లినప్పుడు కలిసొస్తే వేయొచ్చు.

కౌన్సిల్ ఉత్తరానికి మాత్రం ఈ వారంలోనే జవాబివ్వు, మీ ఆవిడకి విడిగా ఇంకో దరఖాస్తు పెట్టించు. పదేపదే అడిగినా పట్టించుకోకపోతే 80 పౌండ్ల జరిమానా వేసే అధికారం వాళ్లకుంది.