చర్చ రాజేయడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో ఒక ఇన్వెస్టర్ల బృందంలో చురుగ్గా ఉంటోంది. అందులో రోజూ ఓ చిన్న ప్రశ్న వేస్తుంది, నిమిషాల్లో పదుల కొద్దీ జవాబులు వచ్చిపడతాయి. అది చూసి పెట్టుబడుల యాప్ నడిపే ఓ చిన్న కంపెనీ ‘మా కమ్యూనిటీ బాధ్యత తీసుకో’ అని ఉద్యోగం ఇస్తానంది. తనేమో సీఎఫ్‌ఏ (పెట్టుబడుల విశ్లేషణ రంగంలో అంతర్జాతీయ పరీక్ష) ప్రిపరేషన్ మానేసి చేరిపోతానంటోంది. రోజంతా ఫోన్‌లో కబుర్లు చెప్పడం కూడా కెరీరేనా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: ఉద్యోగమేనా అంటే, అవునండీ, ఉద్యోగమే. దాన్ని కమ్యూనిటీ మేనేజర్ అంటారు. బ్రోకింగ్ కంపెనీలు, ఫండ్ సంస్థలు, ఇన్వెస్టింగ్ నేర్పే సంస్థలు ఈ పనికి మనుషుల్ని పెట్టుకుంటున్నాయి. అయితే మీరనుకుంటున్నంత కబుర్లు అందులో ఉండవు. నకిలీ పేర్లతో దూరే మోసగాళ్లను ఏరిపారేయాలి. కొత్తగా వచ్చినవాళ్లు బెదిరిపోకుండా చూడాలి. యాప్‌లో ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో పట్టుకుని టెక్నికల్ టీమ్‌కి చేరవేయాలి. మార్కెట్ పడిన రోజున వందలమంది ఒకేసారి కంగారు పడుతుంటే, అబద్ధం చెప్పకుండా, భయపెట్టకుండా వాళ్లతో మాట్లాడాలి. ఈ చివరిది చాలామందికి చేతకాదు.

మరి మీ అమ్మాయి దీనికి పనికొస్తుందా? జవాబులు ఎంత త్వరగా వస్తున్నాయన్నది చూసి మాత్రం నేను చెప్పలేను. డబ్బు సంగతి ఎత్తితే చాలు, నలుగురు మాట్లాడతారు. ‘రేపు ఈ షేరు పెరుగుతుందా, పడుతుందా?’ అని అడిగితే రెండు నిమిషాల్లో యాభై జవాబులొస్తాయి. మర్నాడు వాటిని తిరిగి చదివితే ఒక్కటీ పనికిరాదు. పెరుగుతుందన్నవాళ్ల చేతిలో ఆ షేరు ఉంటుంది, పడుతుందన్నవాళ్లు నిన్ననే అమ్మేసి ఉంటారు. అంతే.

అదే ఇలా అడిగిందనుకోండి: ‘ఈ కంపెనీ లాభం నిరుటికన్నా పెరిగింది. కానీ వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు తగ్గింది. ఎందుకై ఉంటుంది? సరుకు అమ్మి డబ్బు రాబట్టుకోలేకపోతున్నారని నా అనుమానం.’ దీనికీ నిమిషాల్లోనే జవాబులొస్తాయి. ఒకరు రావలసిన బాకీల లెక్క తీస్తారు. ఇంకొకరు, కాదు, గోదాముల్లో సరుకు పేరుకుపోయిందంటారు. అకౌంట్స్ తెలిసిన మూడో మనిషి వచ్చి, వేగంగా పెరిగే కంపెనీలో కొన్నాళ్లు ఇలా ఉండటం మామూలేనని, వరసగా రెండు మూడేళ్లు ఇలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలని చెబుతాడు. ఇంతసేపూ నోరెత్తకుండా చదువుతున్న కొత్తవాడు నగదు ప్రవాహ పట్టిక ఎక్కడుంటుందని అడుగుతాడు. మర్నాడు చదివినా, వచ్చే ఏడాది చదివినా అందులో సరుకుంటుంది.

ఇలాంటి ప్రశ్న కూర్చడం ఒక పనితనం. ఒకే కంపెనీ, ఒకే అంకె తీసుకోవాలి. బస్సులో నిలబడి కూడా రెండు వాక్యాల్లో జవాబు రాయగలిగేలా ఉండాలి. అడిగేవాళ్లు తమ అంచనా ముందు చెప్పాలి, లేకపోతే పరీక్ష పెడుతున్నట్టుంటుంది, ఎవరూ నోరు విప్పరు. ఆ అంచనా తప్పని ఎవరైనా తేల్చితే సంతోషంగా ఒప్పుకోవాలి కూడా. ఆ షేరు తమ దగ్గర ఉంటే ఉందని మొదటే రాసెయ్యాలి. వేళ కూడా చూసుకోవాలి. ట్రేడింగ్ నడుస్తున్నంతసేపూ అందరి కళ్లూ ధర మీదే ఉంటాయి, మార్కెట్ మూశాక అడిగితే జనం ఆలోచించి రాస్తారు. త్రైమాసిక ఫలితాలు వచ్చిన సాయంత్రాన్ని మించిన సమయం లేదు.

కాబట్టి మీరు ఒక పని చేయండి. తన ప్రశ్నలు కొన్ని చూపించమని అడగండి, కింద వచ్చిన జవాబులతో సహా. మీకు షేర్ల గురించి తెలియకపోయినా పర్వాలేదు. అది పందెమో చర్చో పది జవాబులు చదివితే ఎవరికైనా తెలిసిపోతుంది. తనకూ ఒక మంచి జరుగుతుంది: నాన్న తిట్టకుండా చదివాడని.

ఈ తేడా గురించి ఇంత సాగదీస్తున్నానంటే కారణం ఉంది. 2000 సెప్టెంబరులో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఒక 15 ఏళ్ల కుర్రాడి మీద చర్య తీసుకుంది. చిన్నాచితకా షేర్లు కొనుక్కోవడం, ఆ వెంటనే ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో వందల సందేశాలు పెట్టి వాటిని ఆకాశానికెత్తడం, జనం ఎగబడి కొంటుంటే అమ్మేసుకోవడం, ఇదీ ఆ కుర్రాడి పద్ధతి. వడ్డీతో కలిపి 2,85,000 డాలర్లు వెనక్కి కట్టాల్సి వచ్చింది. చర్చ రాజేయడంలో అతన్ని మించినవాడు లేడు!

చట్టం జోలికి వెళ్లకుండానే నష్టం చేసే దారీ ఉంది. 2021 జనవరి మొదట్లో 20 డాలర్ల లోపున్న గేమ్‌స్టాప్ (వీడియో గేములు అమ్మే అమెరికన్ కంపెనీ) షేరు, రెడిట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికలో రేగిన ఉత్సాహం కూడా తోడై, ఆ నెల 28న ఒక దశలో 483 డాలర్లు తాకింది. ఫిబ్రవరి మూడో వారానికల్లా 50 డాలర్ల కిందికి జారింది. శిఖరం దగ్గర కొన్నవాళ్లలో ఎందరో ఆ చర్చల్లో చదివిన ధైర్యంతో కొన్నవాళ్లే. అంత హడావుడి లేని మామూలు రోజుల్లో కూడా ఊరికే కొనడం అమ్మడం జనానికి చేటే చేస్తుంది. బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 1991 నుంచి 1996 దాకా ఒక అమెరికన్ బ్రోకర్ దగ్గరున్న 66,465 కుటుంబాల ఖాతాలు పరిశీలించారు. ఆ కాలంలో మార్కెట్ ఏడాదికి 17.9 శాతం ఇస్తే, అందరికన్నా ఎక్కువగా కొని అమ్మినవాళ్లకు దక్కింది 11.4 శాతమే.

ఇప్పుడు ఆ కంపెనీ ఇస్తానన్న ఉద్యోగం దగ్గరికొద్దాం. చాలా ట్రేడింగ్ యాప్‌లకు ఆదాయం లావాదేవీల నుంచే వస్తుంది. చర్చ ఎంత వేడెక్కితే ట్రేడ్లు అంత పెరుగుతాయి, ట్రేడ్లు పెరిగితే కంపెనీకి లాభం. ఈ లెక్కలో మీ అమ్మాయి తెలివి ఎవరికి ఉపయోగపడుతుందన్నదే నా అసలు అనుమానం. అందుకే చేరేముందు తను అడగాల్సిన మొదటి మాట జీతం గురించి కాదు, ‘నా పని బాగుందని మీరు ఏ అంకె చూసి చెబుతారు?’ అని. కొత్తవాళ్ల ప్రశ్నకు మొదటి జవాబు ఎంతసేపట్లో వస్తోంది, ఒకసారి రాసినవాళ్లలో ఎందరు మళ్లీ రాస్తున్నారు, మోసపు సందేశాలు ఎంత త్వరగా తీసేస్తున్నారు – ఇలాంటివి చెబితే మంచి చోటే. ట్రేడ్ల సంఖ్య అని చెబితే, ఎంత జీతమిచ్చినా వద్దనే నా సలహా.

రెండో మాట, తను పెట్టే పోస్టుల్ని ముందుగా ఎవరు చూస్తారు? డబ్బు తీసుకుని ‘ఇది కొను, అది అమ్ము’ అని చెప్పడానికి చాలా దేశాల్లో రిజిస్ట్రేషన్ ఉండాలి. కంప్లయన్స్, అంటే నిబంధనలు పాటిస్తున్నారా లేదా అన్నది, చూసే మనిషి లేని చోట చర్చకీ సలహాకీ మధ్య గీత ఎక్కడుందో చెప్పేవాళ్లుండరు. గేమ్‌స్టాప్ వ్యవహారంలో పేరు మార్మోగిన కీత్ గిల్ అప్పట్లో ఒక పెద్ద బీమా సంస్థలో ఉద్యోగి. ఆ షేరు గురించి ఆయన పెట్టిన పోస్టులూ వీడియోలూ సొంతంగా చేసుకున్నవే. అయినా ఆయన సహా తన ప్రతినిధుల మీద సరైన నిఘా పెట్టలేదని మసాచుసెట్స్ రాష్ట్ర అధికారులు అదే ఏడాది ఆ సంస్థకు 40 లక్షల డాలర్ల జరిమానా వేశారు. ఆర్థిక రంగంలో ఉద్యోగంలో చేరాక ‘అది నా సొంత ఖాతా’ అన్న మాట చెల్లదు. ఇప్పటిదాకా తను రాసినవి ఉంచాలా తీసెయ్యాలా, సొంతంగా షేర్లు కొనుక్కోవచ్చా అన్నవి కూడా ముందే తేల్చుకోవాలి.

ఇదంతా చదివి మీరు అసలు వద్దనే నిర్ణయానికి రాకండి. రాతల వల్ల బాగుపడ్డవాళ్లూ ఉన్నారు. 1990ల చివర్లో మైకేల్ బర్రీ అనే యువ డాక్టర్ ఆస్పత్రి డ్యూటీల మధ్య ‘సిలికాన్ ఇన్వెస్టర్’ అనే ఆన్‌లైన్ చర్చావేదికలో కంపెనీల లెక్కలు విప్పి రాసేవాడు. వాటిని చదివిన పెద్ద పెట్టుబడిదారులు ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు. 2000లో ఆయన వైద్యం వదిలి సొంత ఫండ్ పెట్టినప్పుడు డబ్బు పెట్టడానికి ముందుకొచ్చినవాళ్లలో ఆ పాఠకులు ఉన్నారు. అయితే ఆయన ప్రతి పోస్టు వెనకా వార్షిక నివేదిక చదివిన శ్రమ ఉంది.

సీఎఫ్‌ఏ మానేయడం ఒక్కటే నేను గట్టిగా కాదంటాను. తనకు వచ్చింది జనాన్ని మాట్లాడించడం. వాళ్లు మాట్లాడినదాంట్లో ఏది నిజమో తేల్చే శక్తి ఆ చదువుతో వస్తుంది. మూడు దశల్లోనూ వృత్తి నీతి ఒక సబ్జెక్టు, మార్కెట్‌ను తప్పుదోవ పట్టించడమంటే ఏమిటో అందులోనే నేర్పుతారు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు మొదటి దశ రాయొచ్చు. కష్టమైన పరీక్షే, చాలా విడతల్లో సగం మంది కూడా పాస్ కారు. కానీ ఉద్యోగం చేస్తూనే రాసేవాళ్లు బోలెడుమంది. పైగా చార్టర్, అంటే సీఎఫ్‌ఏ అర్హత పట్టా, చేతికి రావాలంటే మూడు దశలతో పాటు కనీసం 36 నెలల్లో 4,000 గంటల అనుభవం చూపించాలి. ఆ పని పెట్టుబడి నిర్ణయాలకు ఉపయోగపడేదై ఉండాలి. ఒట్టి మోడరేషన్ (చర్చల్ని అదుపులో ఉంచే పని) ఆ లెక్కలోకి రావడం కష్టం. అందుకని రీసెర్చ్ టీమ్‌తో కూర్చుని ఫలితాల విశ్లేషణలు రాసే పనిలో కొంత భాగం ఇప్పుడే అడిగి పెట్టించుకోవాలి.

ఈ ఉద్యోగానికి ఒక బలహీనత ఉంది, అది కూడా తనకు తెలియాలి. మార్కెట్ పెరిగేటప్పుడు ఇలాంటి పోస్టులు పుట్టుకొస్తాయి, పడినప్పుడు ముందు వీటికే కోత పడుతుంది. చాలా బృందాల్లో ఇదే పనిని వలంటీర్లు ఉచితంగా చేస్తున్నారు కాబట్టి జీతాల మీద ఆ ఒత్తిడీ ఉంటుంది. రెండు మూడేళ్లు చేశాక ఇన్వెస్టర్ రిలేషన్స్ (కంపెనీ తరఫున ఇన్వెస్టర్లతో మాట్లాడే విభాగం)లోకో, రీసెర్చ్ ఎడిటింగ్‌లోకో, కంప్లయన్స్‌లోకో మారే ఆలోచనతో చేరితే మంచిది. కంపెనీ లెక్కలు చదవగలిగి, వాటిని మామూలు మనుషులకు విడమరచి చెప్పగలిగినవాళ్ల కోసం ఈ మూడు చోట్లా వెతుకుతుంటారు.

మీరిద్దరూ కూర్చుని ముందు ఆ ప్రశ్నలూ జవాబులూ చదవండి. తర్వాత కంపెనీని పైన చెప్పినవన్నీ ఈమెయిల్‌లో అడగమనండి. ఫోన్‌లో చెప్పేది లెక్కలోకి రాదు. వాళ్ల జవాబు వచ్చాక దాన్ని జత చేసి నాకు రాయండి, జీతం, కాంట్రాక్టు సంగతులు అప్పుడు చూద్దాం.