మీగడ కూడా ముట్టలేదంటే

కాకినాడ,
ఆదివారం

బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు కుక్కను తెచ్చుకుంటున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎవరో విదేశాలకు వెళ్తూ వదిలేస్తున్న మూడేళ్ల స్పిట్జ్ అట. తిండి దగ్గర మహా పేచీ పెడుతుందని, దేన్నీ సరిగ్గా ముట్టదని ఆ ఇంటివాళ్లు ముందే చెప్పారట. అయినా సరేనన్నావట. మీ అమ్మ గొంతులో విసుగు. నాకు మాత్రం ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం సంతోషం వల్ల. షాపులో ముద్దొచ్చే కూనను కొనుక్కోకుండా, ఒకరు వద్దనుకున్నదాన్ని ఇంటికి తెచ్చుకుంటున్నావు. మిగతా సగం భయం. ఆ ‘సరిగ్గా తినదు’ అన్న మాట దగ్గరే నా లెక్క ఒకప్పుడు తప్పింది. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఆ ఒక్కటీ దిద్దుకోలేకపోయాను.

సులువైనవి ముందు చెప్పేస్తాను. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. తిండి రోజుకు రెండు పూటలు, రోజూ అవే వేళలకు. పాత ఇంట్లో ఏది తినేదో కొన్నాళ్లు అదే పెట్టు. మార్చాలనుకుంటే వారం పది రోజులపాటు పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ రా, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. మొదటి ఒకటి రెండు రోజులు అది మెతుకులు లెక్కపెట్టినట్టు తింటే కంగారుపడకు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల మాత్రం మొదటి రోజే కడుపునిండా తింటుందా? ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్, వీటిని దాని దరిదాపుల్లో ఉంచకు. మన కూరలన్నిటా ఉల్లిపాయ, పాయసంలో కిస్మిస్ ఉంటాయని మరచిపోకు. ఉడికిన కోడి ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి, అవీ వద్దు.

ఇక కొలత. కుక్కకు ఎంత పెట్టాలని అడిగితే అందరూ గుప్పెడు చూపిస్తారు. ఎవరి గుప్పెడు? మీ పెదనాన్నదా, నీదా? ఫోనులో కాలిక్యులేటర్ తీయి. దాని బరువు 8 కిలోలనుకో. 8ని 8తో, మళ్లీ 8తో గుణించు, 512 వస్తుంది. దాని వర్గమూలం తీసి, వచ్చినదానికి మళ్లీ వర్గమూలం తీస్తే సుమారు 4.76. దాన్ని 70తో గుణించు, 333. ఊరికే పడుకుని ఉన్నా దాని ఒంటికి రోజుకు కావలసిన క్యాలరీలు అవి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు అందుకు 1.6 రెట్లు, అంటే 530 చిల్లర. సోఫా దిగని జీవమైతే 1.4 రెట్లే చాలవచ్చు. డాగ్ ఫుడ్ ప్యాకెట్ మీద 100 గ్రాములకు 370 క్యాలరీలని ఉందనుకో, రోజుకు 144 గ్రాములు. రెండు పూటలకూ కలిపి సుమా, పూటకు కాదు! గ్లాసుతో కొలవకు. పైకి పోగేసిన గ్లాసుకూ తలకొట్టిన గ్లాసుకూ ఎంత తేడానో బియ్యం కొలిచిన ప్రతివాళ్లకూ తెలుసు. వంటింటి తూకం మిషన్ మీద తూచు. రెండు వారాలకోసారి కుక్కను కూడా తూచి, అవసరాన్నిబట్టి ఆ 144ని కాస్త అటో ఇటో జరుపు.

చిరుతిళ్లు మొత్తంలో పదో వంతు దాటకూడదు. అంటే 53 క్యాలరీలు. ఒక ఉడికించిన గుడ్డే 70 దాటుతుంది. రెండు మేరీ బిస్కెట్లతో ఆ రోజు వాటా చెల్లిపోయినట్టే. చిన్న చెంచాడు నెయ్యి 45. రెండు వేల క్యాలరీలు తినే మనం నాలుగు చెంచాలు వేసుకోవడంతో సమానం. చిరుతిండి పెట్టిన రోజున అంతమేరకు గిన్నెలో తగ్గించాలి, అది ఎవరూ చేయరు. పెరుగన్నంతో మన ఇళ్లలో ఎన్నో కుక్కలు బతికాయి, కాదనను. కడుపు నిండుతుంది గానీ అందులో మాంసకృత్తులూ కాల్షియమూ చాలవు. ఇంటి తిండే పెట్టదలిస్తే డాక్టరును అడిగి కొలతలు రాయించుకో.

స్పిట్జ్ విషయంలో కంటిని నమ్మకు. ఆ బొచ్చు కింద ఏముందో దేవుడికే తెలియాలి. పక్కటెముకల మీద చెయ్యి పెట్టి తడిమి చూడు. పిడికిలి బిగించి దాని కణుపుల మీద వేలు రాస్తే ఎలా ఉంటుందో అలా తగిలితే బక్కచిక్కినట్టు. చెయ్యి చాచి అరచేతి వెనుక వైపు రాస్తే తగిలినట్టుంటే సరిగ్గా ఉన్నట్టు. అరచేతి మెత్తదనం తగిలితే లావెక్కినట్టు. మా ముత్యాన్ని అలా తడిమిన రోజున నాకు అరచెయ్యి కూడా కాదు, దిండు తగిలింది.

ముత్యం నీకు గుర్తుందో లేదో. నీకు ఐదేళ్లప్పుడు, 1997 వేసవి సెలవుల్లో, మా డాబా మీద నీ వెనకాలే తిరిగేది. తెల్లగా, ఉండచుట్టిన దూదిలా ఉండేది. అదీ స్పిట్జే, అదీ పేచీయే. పొద్దున నేను గిన్నె పెడితే వాసన చూసి తల తిప్పుకునేది. ‘అయ్యో, తినలేదు’ అని కోడి కార్జం ఉడికించేదాన్ని. అది రెండు రోజులు తిని మూడో రోజు మళ్లీ తల తిప్పేది. అప్పుడు నెయ్యి వేసేదాన్ని. వద్దంటే ఇంకా మంచిది వస్తుందని నేనే దానికి పాఠం చెప్పాను. అది నా క్లాసులో పిల్లలకన్నా త్వరగా నేర్చుకుంది.

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి, తిండి తినడం లేదని చెప్పాను. డాక్టరుగారు దాన్ని ఎత్తబోయి ఆగి, నా వంక చూశారు. “ఇంట్లో ఎవరెవరు ఏం పెడుతున్నారో వారం రోజులు రాసుకుని రండమ్మా” అన్నారు. రాశాను. మా అత్తగారు తెల్లవారుజామున పాలలో నానబెట్టిన రొట్టె. మీ పెదనాన్న టిఫిన్ దగ్గర ఇడ్లీ ముక్కలు. మధ్యాహ్నం పనిమనిషి జాలిపడి పెట్టిన అన్నం. రాత్రి మళ్లీ అత్తగారే, మీగడ. వీటన్నిటికీ తోడు ఒక ఐదేళ్ల పిల్ల. చందమామను చూపించి నేను పెట్టే ముద్దలన్నీ బుగ్గన దాచి, నేను అటు తిరగగానే మల్లె కుండీ వెనక్కి వెళ్లి ఉమ్మేసేది. అక్కడ ముత్యం సిద్ధంగా ఉండేది. ‘మా బుజ్జమ్మ బాగా తింటోంది, ముత్యమే తినడం లేదు’ అని నేను ఊరంతా చెప్పుకున్నాను! పాత పేపర్ల కొట్టు కాటా మీద నిలబెడితే 13 కిలోలు. ఉండాల్సింది 9.

డాక్టరుగారు చెప్పిన మందు ఒకటే. తూచిన తిండి పెట్టాలి, పదిహేను నిమిషాలు ఆగాలి, తినకపోతే మాట్లాడకుండా గిన్నె తీసేయాలి. మళ్లీ పూట వరకు ఏమీ లేదు. బతిమాలకూడదు, తినేదాకా పక్కన కూర్చుని చూడకూడదు. కావాలంటే డాగ్ ఫుడ్ గింజల మీద కాసిన్ని గోరువెచ్చని నీళ్లు పోయొచ్చు, వాసన పైకి వస్తుంది. మొదటి రోజు ఒక్క గింజ ముట్టలేదు. రెండో రోజు సాయంత్రం గిన్నె ఖాళీ. బరువు దిగడానికి పది నెలలు పట్టింది గానీ 9 కిలోలకు వచ్చింది, మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ఆ పద్ధతి నీక్కూడా పనికొస్తుంది, పెద్ద కుక్క కాబట్టి. నాలుగు నెలల కూనలకు ఇలా చేయకూడదు. చిన్న జాతి కూనలు పస్తుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది.

అంతవరకు బాగానే ఉంది. ఆ గెలుపు నా తలకెక్కింది. కుక్క అంటే పట్టుదలే, దానికన్నా గట్టిగా పట్టు పడితే లొంగుతుంది అనుకున్నాను. 1999 ఆగస్టు, వానలు పడి తెరిపిచ్చిన రోజులు. ఒక పొద్దున ముత్యం గిన్నె వంక చూడలేదు. పాత వేషాలు మళ్లీ మొదలయ్యాయి అనుకుని పదిహేను నిమిషాలకు గిన్నె తీసేశాను. సాయంత్రం కూడా అంతే. మర్నాడూ అంతే. గిన్నె తీసిన ప్రతిసారీ నాకు లోపల ఒక రకమైన తృప్తి. అది రాస్తుంటే ఇప్పుడు కూడా చెయ్యి ఆగుతోంది.

రెండో రోజు రాత్రి మా అత్తగారు నాకు తెలియకుండా మీగడ పెట్టారట. పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, “మీగడ కూడా ముట్టలేదే” అన్నారు. అదే అసలు ఆనవాలు. పేచీ పెట్టే కుక్క గింజలు వదిలేస్తుంది గానీ మీగడ వదలదు. జబ్బు చేసిన కుక్క తనకు ప్రాణమైనది పెట్టినా తల తిప్పుకుంటుంది. ఎదురుగా ఉన్న రెండు సంగతులను కలిపి చూడలేకపోయాను. పైపెచ్చు, “మీరు పెట్టి పెట్టే అది ఇలా తయారైంది” అని ఆవిడ మీద విసుక్కున్నాను. బడికి వెళ్లిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి తులసికోట నీడలో పడుకుని ఉంది. పిలిస్తే తోక మాత్రం ఒకసారి కదిలింది. నోరు తెరిచి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. చెవుల వెనక, వేళ్ల సందుల్లో, ఆ బొచ్చులో రక్తం పీల్చే గోమార్లు. గోమారి జ్వరం. డాక్టరుగారు చేయగలిగినదంతా చేశారు. ఐదో రోజు పోయింది. ఒక రోజు ముందు తెచ్చి ఉంటే అని ఆయన అనలేదు. మా అత్తగారు కూడా ఏనాడూ అనలేదు. ముత్యం గిన్నె కడిగి పెరట్లో బోర్లించి లోపలికి వెళ్లిపోయారు, అంతే. ఆవిడ ఒక్క మాట అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేదేమో.

అందుకని ఇది మాత్రం నువ్వు నాకు మాట ఇవ్వాలి. కుక్క ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే, అది బాగున్నప్పుడే, పెదవి పైకెత్తి చిగుళ్ల రంగు చూసి పెట్టుకో. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ గులాబి రంగుకు రావాలి. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, అలాంటప్పుడు కంటి కింది రెప్ప లోపల చూడు. మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, మనకన్నా ఎక్కువే, ముట్టుకుని తేల్చేయకు. షికారు నుంచి వచ్చినప్పుడల్లా చెవులు, మెడపట్టీ కింద, వేళ్ల సందులు వెతుకు. గోమార్లకు నెలనెలా వేసే మందు ఏదో డాక్టరును అడిగి వేయించు. పూర్తిగా ఒక రోజు ఏమీ ముట్టకపోతే డాక్టరుకు ఫోను చెయ్యి. దానికి ఇష్టమైనది పెట్టినా తినకపోయినా, నీరసంగా పడి ఉన్నా, వాంతులు చేసుకున్నా, మూత్రం రంగు ముదిరినా, ఆ రోజు గడిచేదాకా ఆగకు, ఎత్తుకుని వెళ్లిపో. పన్ను నొప్పి వల్ల కూడా నమలలేక వదిలేస్తాయి. అనుమానం తీరాకే పట్టుదల.

అలాగని భయపడి మళ్లీ కుక్కి కుక్కి పెట్టకు. 2002లో అమెరికా పశువైద్యుల పత్రికలో అచ్చయిన పరిశోధన ఒకటి ఉంది. 48 లాబ్రడార్ కూనలను జతలు చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికన్నా పాతిక శాతం తక్కువ తిండి పెట్టి, జీవితాంతం గమనించారు. తక్కువ తిన్నవాటి మధ్యగత ఆయువు, అంటే వాటిలో సగం దాటి బతికిన వయసు, 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2. దాదాపు రెండేళ్లు బుజ్జమ్మా! మీగడ రూపంలో మనం లాగేసుకునే రెండేళ్లు.

ఇంకో మాట. రాత్రి పది దాటాక బిస్కెట్లు తిని పడుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. కుక్కకు తూచి పెట్టే పిల్ల తన పళ్లెం సంగతి కూడా చూసుకోవాలి. నీకిప్పుడు చందమామను చూపించలేను, కుండీ వెనక్కి వచ్చి చూడనూలేను. దానికి పెట్టే వేళకే నువ్వూ తిను. కుక్క కోసమైనా వేళ తప్పవు.

వచ్చే నెల మొదటి వారంలో గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు బయలుదేరుతున్నాను. తూకం మిషన్ కొనకు, నా దగ్గరున్నది తెస్తాను, గ్రాముతో సహా సరిగ్గా చూపిస్తుంది. కాజాలు తెస్తాను, అవి నీకే. వచ్చేలోపు దాన్ని పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీసి పంపు, నడుము చూడాలి. ఇన్ని చెప్పాను గానీ, అది నా ఒళ్లో తల పెట్టి చూస్తే నా చెయ్యి పళ్లెంలోకి పోతుందేమోనని నాకే అనుమానం. నన్ను కాస్త కనిపెట్టి ఉండు.

మీ పెద్దమ్మ