సమాధానం: ఇంటి ఆవరణలో వేపచెట్టు కొట్టించాలంటే పర్మిషన్ ఎవరివ్వాలి?

మీ వేపచెట్టు వేరు దూరి ప్రహరీ పగిలిందని, కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని, అందుకే కొట్టించాలని అడిగారు. స్థలం మీదే కదా అని ముందే కొట్టించకండి. హైదరాబాద్‌లో సొంత ఆవరణలోని చెట్టుకైనా 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) వర్తిస్తుంది, పర్మిషన్ ఇచ్చేది అటవీ శాఖ. కార్పొరేషన్ వాళ్లు సరేనన్నారు కదా అని ఆగిపోవద్దు.

దరఖాస్తుతో పాటు ఇంటి కాగితాలు, ఫొటోలు పెట్టండి. చెట్టు ఒక్కటే కాదు, ప్రహరీ ఎక్కడ పగిలిందో, ఆ పగులు కింద వేరు ఎలా దూరిందో దగ్గరగా కనబడాలి. అటవీ శాఖ వాళ్లు వచ్చి చూసి పర్మిషన్ ఇచ్చేదాకా చెట్టు మీద కత్తి పడకూడదు. పర్మిషన్ ఇస్తే, బదులుగా మొక్కలు నాటాలని షరతు పెడతారు.

కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయన్నారు, దానికి కరెంటు ఆఫీసు నంబర్ 1912కి ఫోన్ చేయండి, వాళ్లే వచ్చి ఆ కొమ్మలు తీసేస్తారు.

ఒక్క మాటండీ. మా గోడకూ ఇదే టెన్షన్ వచ్చింది, తవ్వి చూస్తే కారణం చేతి మణికట్టంత లావున్న ఒకే ఒక్క వేరు. దాన్ని మొదలుకు దూరంగా కోయించి, ఆ కాస్త గోడా మళ్లీ కట్టించాం. చెట్టు ఈ వేసవిలో కూడా నిండుగా పూసింది. మీరూ ముందు తవ్వించి చూడండి, ప్లీజ్.