ముందు గాలి నేర్చుకో

చిరంజీవి మనవడికి, తాతయ్య దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. అక్కడి యూనివర్సిటీ రైఫిల్ క్లబ్‌లో చేరావనీ, ఏ విభాగం పట్టుకోవాలో తేలడం లేదనీ రాశావు. ఆ ఇంగ్లండులో ఉద్యోగం చేసిన పాతికేళ్లూ సెలవు దొరికితే చాలు, తుపాకీ పోటీలు జరిగే బిస్లీ మైదానంలో బోర్లా పడుకుని కాల్చినవాణ్ణి. నాకు తెలిసింది చెబుతాను.

టార్గెట్ రైఫిల్ విభాగంలో తుపాకీ మీద టెలిస్కోపు ఉండదు. తుపాకీ కదలకుండా చేతికి స్లింగ్ అనే పటకా బిగించి, చిన్న చిల్లులోంచి చూస్తూ 300 గజాల నుంచి 1000 గజాల దాకా కాలుస్తారు. ఎఫ్ క్లాస్‌లో టెలిస్కోపూ ఉంటుంది, తుపాకీకి ఆసరా కూడా ఉంటుంది. అందులో ఎఫ్-టీఆర్ అయితే .308 లేదా .223 సైజు తూటా, బైపాడ్‌తో (తుపాకీ ముందుండే రెండు కాళ్ల స్టాండు) కలిపి తుపాకీ బరువు 8.25 కిలోలు మించకూడదు. ఎఫ్-ఓపెన్‌కు 10 కిలోల దాకా ఒప్పుకుంటారు. మ్యాచ్ రైఫిల్ వాళ్లది మరీ దూరం, 1000 నుంచి 1200 గజాలు. వాళ్లలో కొందరు వెల్లకిలా పడుకుని కాలుస్తారు. మొదటిసారి చూసి, భోంచేసి అరుగు మీద నడుం వాల్చారేమో అనుకున్నాను.

నన్నడిగితే స్లింగ్‌తోనే మొదలుపెట్టు. నీ ఊపిరి, నీ భుజం చేసే తప్పులు అందులో వెంటనే బయటపడతాయి. క్లబ్ రైఫిల్ ఉండగా టెలిస్కోపు మీద మీ నాన్న డబ్బు తగలేయకు.

అసలు సంగతి గాలి. గంటకు పది మైళ్ల పక్కగాలి వీస్తే, వెయ్యి గజాల దగ్గర .308 తూటా ఏడెనిమిది అడుగులు పక్కకు పోతుంది. నువ్వు కొట్టాల్సిన బుల్, అంటే గురి నడిమి వలయం, వెడల్పు ఇరవై అంగుళాలే. ఒకసారి బిస్లీలోనే స్టికిల్‌డౌన్ రేంజిలో గాలి సూటిగా మొహానికి కొడుతోంది. పక్కగాలి లేదు కదా అని గురి చూసే సైటును గాలికి సర్దకుండా సున్నాలో వదిలేశాను. మొదటి తూటా కుడికి పోయింది, రెండోది ఎడమకు పోయింది. మూడోదానికి చెమటలు పట్టాయి. మన కాలవలో ఎదురుగాలికి గుర్రపుడెక్క ఒకసారి ఈ గట్టుకు, ఒకసారి ఆ గట్టుకు కొట్టుకుపోదూ? అదే సంగతి. ఎదురుగాలి కాస్త ఇటూ అటూ తిరిగినా పక్కగాలే అవుతుంది.

రేంజిలో గాలి చూపే జెండాలు బద్ధకంగా కదులుతుంటే, పక్కన విడిగా పెట్టుకునే దూరదర్శిని, స్పాటింగ్ స్కోపులో ఎండమావి చూడు, అదే వేడికి గాలిలో కదిలే అలలు. అది ఏ వైపు పారితే గాలి ఆ వైపు వెళ్తున్నట్టు. గంజి ఆవిరిలా నిట్టనిలువుగా లేస్తుంటే గాలి ఎటు తిరుగుతుందో తెలీదు, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, కాస్త ఆగు. అలాగని మరీ ఆగలేవు, నీ వంతుకు 45 సెకన్లే. కాబట్టి నీతో వంతులవారీగా కాల్చే జతగాడు కాలుస్తున్నప్పుడే గాలి చూసిపెట్టుకో.

చెవులకు మఫ్స్ మర్చిపోవద్దు. కుడిచేతి వాటం వాళ్లకు తుపాకీ మూతి వైపు ఉండేది ఎడమ చెవి. మొదట్లో దూదితో సరిపెట్టాను. ఇప్పుడు మీ మామ్మ ఆ పక్కన కూర్చుని ఏమన్నా నాకు వినపడదు. అందుకే కాబోలు, ఆవిడ ఈ మధ్య కుడి పక్కకు మారింది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ స్కోరు పుస్తకం తెచ్చుకో. కాలవ గట్టు మీద కూర్చుని చూద్దాం.

ఇట్లు,
తాతయ్య